కేడెట్టా, ఓపినెల్లా? రోజూ జేబులో ఉండే చాకు గురించి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. గుణుపురంలో పార్సిల్ ఆఫీసులో పని, రోజంతా అట్టపెట్టెలు కొయ్యడం, ఆదివారమైతే కాశీనగర్ దగ్గర మీ నాన్నగారి జీడితోటకి పోవడం, జేబులో ఒక్క చాకే పెట్టుకుంటావు, అది స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ చేసే మడత చాకు కేడెట్ కొనాలా, ఫ్రాన్సువాళ్ళ కర్ర పిడి మడత చాకు ఓపినెల్ 8వ నంబరు, కార్బన్ స్టీలుది కొనాలా, రెండూ పల్చగానే ఉన్నాయి కదా అని. నేను పర్లాకిమిడిలో కరెంటు పని, కెమెరాల పని, ఇప్పుడు ఫైబర్ పని చేసుకుని బతుకుతున్నాను, ఇరవై ఏళ్ళు దాటింది, జేబులో చాకు లేకుండా ఇంట్లోంచి బయటకి అడుగు పెట్టలేదు, ఈ రెండూ నా దగ్గర ఉన్నాయి, రెండిటితోనూ వేలు కోసుకున్నాను కాబట్టి చెప్పే అర్హత ఉందనుకుంటాను.

ముందు ఆ "రెండూ పల్చగానే" అన్నావు చూడు, అక్కడే అందరూ బోల్తా పడతారు. రెండూ పల్చనే, కాకపోతే ఒకటి ఒళ్ళు పల్చన, ఇంకోటి నాలిక పల్చన. కేడెట్ మూసి పెడితే మందం 9 మిల్లీమీటర్లు, పొడవు 84 మిల్లీమీటర్లు, అంటే జేబులో ఒక చిన్న బిస్కెట్టు ముక్కలాగా తొడకి ఆనుకుని పడుంటాది. ఓపినెల్‌కి బ్లేడు పల్చన, పిడి మాత్రం గుండ్రటి కర్ర, మూస్తే దగ్గరదగ్గర 11 సెంటీమీటర్లు, మెడ దగ్గర ఇనప రింగు వేరే. ఫోటోలో పక్కనుంచి చూపిస్తారు కాబట్టి నీకు సన్నగా కనపడింది. పల్చటి కాటన్ పేంటు జేబులో వేసి బండి మీద కూర్చో, అది అడ్డంగా తిరిగి గజ్జల్లో పొడుస్తాది, ఆఫీసులో ఎవరైనా చూస్తే జేబులో ములక్కాడ ముక్క పెట్టుకొచ్చేడేటి అనుకుంటారు. తమాషా ఏటంటే బరువులో తేడా లేదు, కేడెట్ 46 గ్రాములు, ఓపినెల్ కూడా అటూ ఇటూగా అంతే. కాబట్టి బరువు లెక్కలు వదిలెయ్, ఆకారం చూడు.

మా తాత పాతపట్నం సంతలో కొన్న మడత చాకు ఒకటి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు, పొగాకు కొయ్యడానికి, గోళ్ళు తీసుకోవడానికి, కొబ్బరి ముక్క గీరడానికి అన్నిటికీ అదే. దాని మందం కూడా మన కేడెట్ అంతే ఉండేదని ఇప్పుడు అనిపిస్తాది. పోనీలే, విషయానికి వస్తాను.

కోత సంగతి. ఇక్కడ ఓపినెల్‌దే పైచెయ్యి, ఆ మాట దాచను. దాని బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, వెన్ను నుంచి అంచు దాకా సన్నగా జారిపోయినట్టు ఉంటాది. మామిడికాయ చెక్క తీసినా, టమాటా కోసినా, ఉల్లిపాయ కోసినా వంటింటి కత్తి కంటే బాగా పోతాది, మా ఆవిడ ఒకసారి అరువు తీసుకుని నెల రోజులు ఇవ్వలేదు. కేడెట్ బ్లేడు పొట్టి, ఆరు సెంటీమీటర్ల పైన కొంచెం, యాపిల్ అయితే ఒక్క కోతలో రెండు ముక్కలవదు, చుట్టూ తిప్పుకోవాలి. తోటలో కూర్చుని బొప్పాయి కోసుకుని తినాలంటే ఓపినెల్ సుఖం.

కానీ నీ పని తోట కాదు కదా, వారంలో ఆరు రోజులు అట్టపెట్టె. అట్టపెట్టె కొయ్యడం అంటే టేపు కొయ్యడం, టేపు జిగురు బ్లేడుకి అంటుకోవడం, ప్లాస్టిక్ పట్టీ తెంపడం, మధ్యలో ఎక్కడో కనపడని ఇనప పిన్ను మీద బ్లేడు కర్రుమని తగలడం. నా ఓపినెల్ అంచులో గోరు మొన పట్టేంత నొక్కు ఒకటి ఉంది, ఫేన్ పెట్టె విప్పుతుంటే పిన్ను తగిలి వచ్చింది, దాన్ని తియ్యడానికి రాయి మీద రెండు సాయంత్రాలు పట్టింది. అంత పల్చటి అంచు కాయల మీదకి, కర్ర మీదకి బాగుంటాది, పిన్నుల మీదకి కాదు. కేడెట్‌కి కూడా నొక్కు పడతాది, కాకపోతే విక్టోరినాక్స్ వాళ్ళు స్టీలు మరీ గట్టిగా పెట్టరు, అది ఊడిపోకుండా కొంచెం వంగుతాది, వంగిన దాన్ని నాలుగు రుద్దుల్లో సరిచెయ్యొచ్చు. పదును తొందరగా పోతాది, తొందరగా వస్తాది కూడా. నిజం చెప్పమంటే టేపుల కోసం టేబుల్ మీద ఒక పేపరు కట్టర్ పడేసుకో, మొన మొద్దుబారితే విరిచేసి కొత్తది తోసుకునేది, చాకు బతికిపోతాది.

ఇంక తేమ. మన వైపు దీని గురించి చెప్పకుండా చాకు గురించి మాట్లాడటం దండగ. ఓపినెల్ కార్బన్‌దంటే తుప్పు పట్టే స్టీలు, చెమట జేబులో ఒక పూట ఉంచితే సాయంత్రానికి ఎర్ర చుక్కలు. దానికి మందు ఉంది, తుడిచి ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు, నాలుగు నెలలు కాయలు కోస్తే బ్లేడు బూడిద రంగుకి తిరుగుతాది, ఆ రంగు వచ్చాక తుప్పు కొంచెం తగ్గుతాది. జీడిపండు కోస్తే మాత్రం చూడాలి, ఆ పండు రసంలో వగరు ఇనుముతో కలిసి నిమిషాల్లో నల్లగా సిరాలాగా అయిపోతాది, పండు ముక్క మీద కూడా నల్ల గీత పడతాది, విషం కాదుగానీ తినబుద్ధి కాదు. ఇంకో మాట, పచ్చి జీడిగింజని జేబు చాకుతో చీల్చకు. పెంకులో నూనె చేతికి తగిలితే బొబ్బలు లేస్తాయని మీ నాన్నగారిని అడిగినా చెప్తారు, అదే బ్లేడుతో తర్వాత పండు కోస్తే మూతి కాలుతాది.

బ్లేడు తుప్పు కంటే పెద్ద గొడవ ఓపినెల్ కర్ర పిడి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చింది కదా, 11వ తారీఖు తెల్లారుజామున పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా మీదకి వచ్చి పడింది. నేను మూడో రోజున ఆర్.ఉదయగిరి వైపు పోయేను, చుట్టాలున్నారు, చెట్లు పడిపోయి దారిలో సగం నడకే. అప్పుడు జేబులో ఓపినెల్ ఉంది, కొత్త, దాని మీద మోజు కూడా కొత్తే. రెండు రోజులు తడిసిన పేంటులోనే ఉండిపోయింది. ఒక ఇంటి దగ్గర ముసలాయన చూరు మీద టార్పాలిన్ కట్టుకుంటున్నాడు, తాడు కొయ్యి బాబూ అన్నాడు, నేను ఎంతో దర్జాగా చాకు తీసేను, గోటితో లాగితే రాలేదు, పళ్ళు బిగించి లాగేను రాలేదు, గోరు సగం లేచిపోయింది. కర్ర నీళ్ళు తాగి ఉబ్బిపోయి బ్లేడుని రెండు వైపులా పట్టేసింది. ఆయన నా వంక ఒక చూపు చూసి లోపలికెళ్ళి కత్తిపీట తెచ్చేడు, పీట మీద కాలు పెట్టి తాడుని ఒక్క లాగు లాగేడు, తెగింది.

దానికో ఉపాయం ఉందని తర్వాత తెలిసింది. మూసిన చాకుని బ్లేడు మొన ఉన్న వైపు, అంటే పిడి తోక వైపు, గట్టి బల్లకేసి టకటకా కొడితే బ్లేడు మొన కొంచెం పైకి లేస్తాది, అప్పుడు పట్టుకుని లాగొచ్చు. అది ఫ్రాన్సులో సవోయ్ కొండల వాళ్ళు చేసే పద్ధతి, ఓపినెల్ పుట్టింది కూడా అక్కడే, 1890లో, జోసెఫ్ ఓపినెల్ అనే ఆయన చేసేడు. 1 నుంచి 12 దాకా నంబర్లు 1897లో పెట్టేరు, తర్వాత 1, 11 మానేసేరు. అక్కడి చలికి ఆ కర్ర సరిపోతాదేమోగానీ మన శ్రావణమాసానికి కాదు. నేను ఇంటికొచ్చాక పిడి ఎండబెట్టి, బ్లేడు దూరే గాడిని మడిచిన గరుకు కాగితంతో లోపల రుద్ది, అవిసె నూనె మూడు దఫాలు పట్టించి ఎండబెట్టేను, ఇప్పుడు కాస్త నయం. వేరుశనగ నూనె, ఆవ నూనె కర్రకి పట్టించకు, బంకలాగా అయిపోయి వాసన కొడతాది.

కేడెట్‌కి ఈ బాధ లేదు, పిడి అల్యూమినియం రేకు, బ్లేడు స్టెయిన్‌లెస్. జేబులో దుమ్ము, నూలు పీచు చేరి స్ప్రింగు బిగుసుకుంటే గోరువెచ్చటి నీళ్ళలో తెరిచి మూసి తెరిచి మూసి కడిగి, ఆరబెట్టి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వెయ్యడమే. నేను సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజకి టెస్టరు, కటింగ్ ప్లేయరు, డ్రిల్లు అన్నీ తుడిచి పసుపు బొట్టు పెడతాను, ఆ రోజే కేడెట్‌కి నూనె, మళ్ళీ ఏడాది దాకా దాని మొహం చూడను. ఓపినెల్‌కి అలా కుదరదు, దానికి రోజూ సేవ.

ఇప్పుడు లాక్ సంగతి, దీని మీదే అందరూ కొట్టుకుంటారు. ఓపినెల్ మెడ దగ్గర రింగు తిప్పితే బ్లేడు బిగుసుకుంటాది, ఆ రింగు 1955లో పెట్టేరు, తర్వాత వచ్చినవాటిలో మూసినప్పుడు కూడా తిప్పి బిగించొచ్చు, జేబులో తెరుచుకోదు. కేడెట్‌కి లాక్ లేదు, వెనక స్ప్రింగు బలం మీదే నిలబడతాది. లాక్ లేని చాకు చాకే కాదు అనేవాళ్ళు ఉన్నారు, నేను ఒప్పుకోను. చాకుతో కొయ్యాలి, పొడవకూడదు. కోసేటప్పుడు బలం బ్లేడుని తెరిచే వైపే తోస్తాది, మూసే వైపు కాదు. నేను కుట్లు వేయించుకున్నది ఎలాగంటే థర్మాకోల్‌లో కన్నం పెట్టాలని కేడెట్ మొన గుచ్చి, అది ఇరుక్కుంటే పైకి మెలిపెట్టేను, టక్కున మూసుకుంది, చూపుడువేలు మధ్య కణుపు మీద మూడు కుట్లు. చలికాలంలో ఇప్పటికీ అక్కడ తిమ్మిరిగా ఉంటాది. తప్పు చాకుది కాదు, నాది, ఆ పనికి స్క్రూడ్రైవరు సంచిలోనే ఉంది, తియ్యడానికి బద్ధకం. నువ్వు గుచ్చే అలవాటున్న మనిషివైతే, నిజాయితీగా ఆలోచించుకో, అయితే ఓపినెల్ తీసుకో. అయినా రింగు తిప్పడం మర్చిపోతే అదీ ఇదీ ఒకటే, ఓపినెల్‌తో నేను కోసుకున్నది సరిగ్గా అలాగే.

కేడెట్‌లో బ్లేడు కాకుండా ఇంకా మూడు పలకలున్నాయి. గోళ్ళ ఆకురాయి, డబ్బా ఓపెనరు, సీసా ఓపెనరు. వీటిలో నేను రోజూ వాడేది సీసా ఓపెనరు కొన, అది చదునుగా ఉంటాది, స్విచ్ బోర్డు స్క్రూలు విప్పడానికి, పెయింట్ డబ్బా మూత లేపడానికి, ఇరుక్కున్న పిన్ను పెకలించడానికి. నీ పార్సిల్ పనిలో ఇదే నీకు బ్లేడు కంటే ఎక్కువ పనికొస్తాదని నా అనుమానం, ఎందుకంటే అది లేకపోతే ఆ పనులన్నీ బ్లేడు మొనతో చేస్తావు, మొన విరుగుతాది. డబ్బా ఓపెనరు కొన నాలుగు పలకల స్క్రూలో కూడా కూర్చుంటాది, చిన్నవాటిలో. సీసా ఓపెనరు పక్కన చిన్న గంటు ఉంటాది, వైరు తొక్క తియ్యడానికి అని చెప్తారు, నేను వైర్ల పనోణ్ణి, చెప్తున్నాను, దాన్ని నమ్ముకోకు, అవసరం పడితే ఒకటి రెండు సార్లు చెయ్యొచ్చు అంతే. గోళ్ళ ఆకురాయి మాత్రం నేను నవ్వుకున్నాను మొదట్లో, ఇప్పుడు ఫైబర్ తీగ తగిలి గోరు చీలినప్పుడల్లా అదే దిక్కు. మూలన చిన్న రింగు ఉంటాది, దానికి తాడు కట్టుకుంటే తోటలో పడిపోదు, మా తాత మొలతాడు లెక్కన.

పదును పెట్టడం నేర్చుకోకుండా ఏదీ కొనకు. సైకిలు చక్రం సాన వాడికి మాత్రం ఇవ్వకు తమ్ముడూ, ఆ నిప్పురవ్వలు చూడ్డానికి బాగుంటాయి, పల్చటి బ్లేడు అంచు వేడెక్కి నీలం తిరిగిందా ఇంక ఆ చోట పదును నిలవదు, పైగా సగం స్టీలు నేల మీద పోస్తాడు. వాడు కత్తిపీటకి, కొడవలికి మొనగాడే, దీనికి కాదు. ఒక సానరాయి కొనుక్కో, ఒక వైపు గరుకు ఒక వైపు నున్న. నీళ్ళు చల్లి, బ్లేడు వెన్ను రాయి మీద నుంచి కొంచెం ఎత్తు లేపి, అంటే 15, 20 డిగ్రీలు అనుకో, పల్చగా పొర కోస్తున్నట్టు ముందుకి తొయ్యి. ఆ ఎత్తు మారకుండా ఉండటమే విద్య. ఒక వైపు రుద్దుతూ పోతే రెండో వైపు వేలితో అడ్డంగా తడిమితే సన్నగా గరుకు తగులుతాది, ఆ గరుకు మొదలు నుంచి మొన దాకా తగిలేక రెండో వైపు తిప్పు, అంతకు ముందు తిప్పకు, అందరూ చేసే తప్పు అదే. ఆఖర్న పాత తోలు బెల్టు లోపలి వైపు మీద వెనక్కి లాగుతూ పదిసార్లు. రాయి లేని రోజున పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు అంచు ఉంటాది చూడు, దాని మీద నాలుగు రుద్దులు. ఓపినెల్ కార్బన్ ఈ పనిలో వెన్నలాగా ఉంటాది, ఐదు నిమిషాల్లో పేపరు కాగితాన్ని చప్పుడు లేకుండా కోస్తాది. కేడెట్‌కి ఆ గరుకు అంచు వదలడానికి కొంచెం మొండికేస్తాది, బెల్టు మీద ఎక్కువ లాగాలి.

చట్టం గురించి అడగలేదు గానీ చెప్తాను, రోజూ ఒడిశా ఆంధ్రా మధ్య తిరిగేవాళ్ళం కదా. 2016 ఆయుధాల రూల్స్‌లో కత్తుల లెక్క బ్లేడు 9 అంగుళాలు దాటినా, 2 అంగుళాల వెడల్పు దాటినా అని ఉంది, ఇంటిపనికి వ్యవసాయానికి చేసినవి అందులోకి రావు. మన రెండూ ఆ కొలతకి సగం కూడా లేవు. అయినా పోలీసాయన చేతిలో రూల్స్ పుస్తకం ఉండదు, ఆయన కళ్ళు ఉంటాయి. ఒకసారి రాత్రి చెకింగులో నా జేబు తడిమి ఓపినెల్ తీయించి "ఎయిటా కొణొ?" అన్నాడు, అంటే ఒడియాలో ఇదేటి అని, వాడి చెయ్యి రింగు తిప్పి ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు బయటకి లాగింది, టార్చి వెలుగులో అది అంత మంచిగా కనపడదులే, పావుగంట నా పనేంటో, సంచిలో వైర్లేంటో చూపించుకున్నాను. కేడెట్ అయితే చూసినవాళ్ళు సీసా ఓపెనరు తెరిచి నవ్వుతారు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి మాత్రం ఎవడిచ్చినా తీసుకోకు. విమానమెక్కితే పెద్ద సంచిలో పడెయ్, చేతి సంచిలో ఉంటే అక్కడే వదిలెయ్యాలి. కలెక్టరేటు, కోర్టు, పరీక్షల డ్యూటీ ఉన్న రోజు ఇంట్లో పెట్టి వెళ్ళు.

కాబట్టి నా మాట, కేడెట్ తీసుకో, వెండి రంగుది, రంగులవి గీతలు పడి ఏడాదికే గజ్జి పట్టినట్టు కనిపిస్తాయి. ధర ఎక్కువ, ఓపినెల్ కంటే బాగా ఎక్కువ, తెలుసు. కానీ నువ్వు కొనేది జేబు కోసం, ఓపినెల్‌ని నెల రోజుల్లో జేబులోంచి తీసి బండి డిక్కీలో పెడతావు, తర్వాత ఇంట్లో పెడతావు, మా ఇంట్లో జరిగింది అదే, ఇప్పుడది వంటింట్లో నిమ్మకాయల పక్కన ఉంటాది, అక్కడ దాని దర్జా దానిదే. తోటకి ఇంకొకటి కావాలనిపిస్తే అప్పుడు ఓపినెల్ కొనుక్కో, కార్బన్ కాకుండా స్టెయిన్‌లెస్‌ది, జీడిపండు మచ్చ ఉండదు, కర్ర ఉబ్బడం మాత్రం దానికీ తప్పదు.

కొనేటప్పుడు సంతల్లో ఎర్ర పిడి మీద తెల్ల శిలువ గుర్తు వేసి స్విస్ అని అమ్మేవి చూసి మోసపోకు. అసలు దానికి పెద్ద బ్లేడు మొదట్లో, మడత దగ్గర, కంపెనీ పేరు, స్విస్ మేడ్ అని సన్నగా చెక్కి ఉంటాది. పలకలన్నీ తెరిచి వెలుతురుకి ఎదురుగా పట్టుకో, మధ్యలో సందులు వంకరగా ఉంటే, మూసేటప్పుడు టక్కుమనే శబ్దం రాకపోతే పక్కన పెట్టెయ్. ఓపినెల్‌కి బ్లేడు మీద కిరీటం పెట్టుకున్న చెయ్యి బొమ్మ ఉంటాది.

మన ఊళ్ళో కొమ్ము పని చేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, పర్లాకిమిడి కొమ్ము కొంగలు, రొయ్యలు నువ్వు చూసే ఉంటావు. కేడెట్ అల్యూమినియం రేకు తీసేసి గేదె కొమ్ము రేకు వెయ్యగలవా తాతా అని అడిగితే చేతిలో తిప్పి చూసి, దీనికి రివిట్లు కొట్టేసి ఉన్నాయిరా, తీస్తే మళ్ళీ ఇంత బిగువుగా నేను పెట్టలేను, పాడుచేసుకోకు అన్నాడు. పాత ఇనప చాకు ఏదన్నా ఉంటే తెమ్మన్నాడు, తాత చాకు పట్టుకెళ్ళేను, వేసి ఇచ్చేడు, చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి తీసుకోమన్నాడు, చాకు చేతికి ఇస్తే తగువొస్తాదని. అది జేబులోకి కాదులే, బీరువాలో ఉంది.

నువ్వు పర్లాకిమిడి వచ్చే పని ఉంటే గుణుపురం పేసింజరు దిగి ఫోన్ కొట్టు, రెండూ ఇస్తాను, ఒకటి ఎడమ జేబులో ఒకటి కుడి జేబులో వేసుకుని నా బండి మీద మహేంద్రతనయ ఏటి దాకా ఒక రౌండు తిరిగి రా, ఏ జేబు ఎక్కువ సర్దుకున్నావో చూసుకుని అప్పుడే డబ్బులు పెట్టు. వచ్చేటప్పుడు తోటలోంచి ఏదన్నా తేవాలనిపిస్తే పనసకాయ మాత్రం వద్దు, దానికి ఈ రెండూ చాలవు.